శరణు కోరే మనిషి, దేశం గురించిన కాగితం



ఈ స్మారకోపన్యాసానికి పిలిచినప్పుడు నిర్వాహకులు అంశాన్ని నాకే వదిలేశారు. ఎవరి పేరున ఇవాళ ఇక్కడ కూర్చున్నామో ఆ వకీలుగారు కోర్టులో గొంతు పెంచి వాదించిన మనిషి కాదు. ప్రభుత్వం రాసిన కాగితాన్ని చేతికి తీసుకుని, ఇది ఎవరు చూశారు, ఎప్పుడు చూశారు, ఎవరితో చెప్పారు అని ఒక్కొక్కటే అడుగుతూ పోయేవారు. ఆయన పద్ధతికి తగిన విషయం చెప్పాలనుకున్నాను. అది బ్రిటన్‌లో ఉన్న ఒక చిన్న పదవి గురించి. శరణు దరఖాస్తులు తేల్చడానికి అక్కడి ప్రభుత్వం ఇతర దేశాల గురించి సమాచారం రాసి పెట్టుకుంటుంది. ఆ సమాచారాన్ని పరిశీలించడానికి ఒక స్వతంత్ర సలహా సంఘం ఉంది. ఇండిపెండెంట్ అడ్వైజరీ గ్రూప్ ఆన్ కంట్రీ ఇన్ఫర్మేషన్ అని దాని పేరు. ఆ సంఘానికి అధ్యక్షుణ్ణి ఎలా వెతకాలి, ఆ కుర్చీలో ఎలాంటి మనిషిని కూర్చోబెట్టాలి అన్నదే నా అంశం.

ఆ అధ్యక్షుడికి ఒక్క కేసులో కూడా తీర్పు చెప్పే అధికారం లేదు. అయినా ఆ కుర్చీలో కూర్చునే మనిషిని బట్టి ముక్కూ మొహం తెలియని వేలమంది బతుకులు అటో ఇటో అవుతాయని నేను గట్టిగా నమ్ముతున్నాను. ఎందుకో చెప్పడానికి కొంచెం వెనక నుంచి మొదలుపెట్టాలి.

శరణు కోరి వచ్చిన మనిషి దగ్గర ఏముంటుంది? చాలాసార్లు తన మాట తప్ప మరేమీ ఉండదు. 1951 జులై 28న జెనీవాలో కుదిరిన ఒప్పందం ప్రకారం జాతి, మతం, జాతీయత, ఒక సామాజిక వర్గానికి చెంది ఉండటం, రాజకీయ అభిప్రాయం అనే ఐదు కారణాల్లో ఏదో ఒకదాని వల్ల స్వదేశంలో హింసకు గురవుతానని భయపడేవాడు, ఆ భయానికి తగిన ఆధారం ఉంటే, శరణార్థి. భయం అతని లోపల ఉంది. ఆధారం మాత్రం అతను వదిలి వచ్చిన దేశంలో ఉండిపోయింది. జైలు నుంచి తప్పించుకున్నవాడు జైలరు సంతకంతో ధ్రువపత్రం తెచ్చుకోలేడు కదా. అందుకని క్రాయిడన్‌లోనో లివర్‌పూల్‌లోనో కూర్చున్న కేసు అధికారి, తాను ఎన్నడూ అడుగుపెట్టని అస్మరా గురించో కాబూల్ గురించో తెలుసుకోవడానికి తన శాఖ తయారుచేసి ఇచ్చిన పత్రం తెరుస్తాడు. ఆ పత్రాన్ని కంట్రీ పాలసీ అండ్ ఇన్ఫర్మేషన్ నోట్ అంటారు. బ్రిటన్ హోం ఆఫీస్‌లోని ఒక ప్రత్యేక బృందం వీటిని రాస్తుంది. చాలా దేశాలకు ఒక్కో సమస్య మీద ఒక్కో నోట్ ఉంటుంది. మన దేశం మీదా ఉన్నాయి. మత మైనారిటీల గురించీ షెడ్యూల్డ్ కులాలూ తెగల గురించీ ఒకటి, హింసకు భయపడి వచ్చే స్త్రీల గురించి మరొకటి.

తిరస్కరణ లేఖలు చదివినవాళ్లకు ఆ లేఖల వరస తెలుసు. దరఖాస్తుదారుడు చెప్పుకున్న కథ ముందు కొన్ని పేరాల్లో వస్తుంది. ఆ తర్వాత నోట్‌లోని ఒక పేరా నంబరుతో సహా ఉన్నదున్నట్టు దిగుతుంది. మీరు చెప్పింది మీ దేశం గురించి మా దగ్గరున్న సమాచారంతో పొసగడం లేదన్న మాట దాని కింద ఉంటుంది. దరఖాస్తుదారుడు ఆ పేరాతో వాదించలేడు. దాన్ని ఎవరు రాశారో అతనికి తెలియదు, రాసినవాళ్లు ఎవరిని అడిగి రాశారో అసలే తెలియదు.

2024లో బ్రిటన్‌లో శరణు కోరినవాళ్లు 1,08,000 మందికి పైనే. ఒక కేసు అధికారి పొరబడితే ఒక కుటుంబం నష్టపోతుంది, ఆ కుటుంబం అప్పీలుకు వెళ్లొచ్చు. నోట్‌లో ఒక వాక్యం తప్పయితే మాత్రం ఆ తప్పు ఆ దేశం నుంచి వచ్చిన ప్రతి ఫైలులోకీ పోతుంది. ఏ ఫైలుకు ఆ ఫైలును చూస్తే తప్పు కనిపించదు. అన్నిటికీ మూలమైన కాగితాన్ని పట్టుకుంటేనే దొరుకుతుంది. సలహా సంఘం ఉన్నది ఆ పనికే.

ఈ కాగితాలను బయటివాళ్లకు చూపించాలన్న ఆలోచన ప్రభుత్వానికి దానంతట అది కలగలేదు. 2000 తర్వాతి తొలి సంవత్సరాల్లో శరణార్థుల తరఫున వాదించే న్యాయ సహాయ సంస్థలు హోం ఆఫీస్ దేశ నివేదికలను ముందు పెట్టుకుని కూర్చున్నాయి. పాతబడ్డ సమాచారాన్నీ, మూలంలో ఉన్నదానికి తేడాగా రాసిన వాక్యాలనూ ఏరి చూపించాయి. పార్లమెంటులో గొడవ అయింది. 2002లో వచ్చిన జాతీయత, వలస, శరణు చట్టం 142వ సెక్షన్‌లో దేశ సమాచారంపై సలహా సంఘాన్ని ఏర్పాటు చేసింది. అయితే ఆ సంఘం సభ్యులను నియమించేది హోం మంత్రే, వాళ్లు సిఫార్సులు చేయాల్సిందీ హోం మంత్రికే. పొలం గట్టు తగాదాలో ఎదుటివాడే సర్వేయరును పిలిపించి, గొలుసు కూడా తనదే ఇస్తే ఆ కొలతను ఊళ్లో ఎవరు ఒప్పుకుంటారు? సర్వేయరు ఎంత నిజాయితీపరుడైనా ఒప్పుకోరు.

2007లో యూకే బోర్డర్స్ చట్టం వచ్చింది. పాత సంఘాన్ని రద్దు చేసి, సరిహద్దులు, వలసల వ్యవహారాలను తనిఖీ చేసే ప్రధాన అధికారి పదవిని సృష్టించింది. విదేశాల పరిస్థితుల గురించి హోం ఆఫీస్ తన అధికారులకు అందించే సమాచారాన్ని చూడటం కూడా 48వ సెక్షన్‌లో ఆ అధికారి బాధ్యతల్లో చేరింది. తొలి ప్రధాన తనిఖీ అధికారి జాన్ వైన్ హయాంలో, 2009లో, ఇప్పుడున్న సలహా సంఘం ఏర్పడింది. దీనివల్ల ఒక మేలు, ఒక కీడు జరిగాయి. సంఘం హోం మంత్రి చేతి కింద నుంచి బయటపడటం మేలు. చట్టంలో పేరు రాసి ఉన్న సంఘం పోయి, తనిఖీ అధికారి ఉంచుకుంటే ఉండే సంఘం రావడం కీడు. అధ్యక్షుడి ఎంపిక గురించి మాట్లాడేటప్పుడు చాలామంది ఈ రెండో సంగతి మరిచిపోతారు. చట్టం అండ లేని సంఘానికి అధ్యక్షుడే అండ కావాలి.

ఎరిత్రియా సంగతి కొంచెం వివరంగా చెబుతాను. ఈ వ్యవస్థ పనిచేసే తీరూ, పనిచేయని తీరూ రెండూ అందులో ఉన్నాయి.

ఎరిత్రియా 1993లో స్వతంత్రమైంది. యువతీయువకులందరూ 18 నెలలు జాతీయ సేవ చేయాలని 1995లో శాసనం చేశారు. అందులో 6 నెలలు సైనిక శిక్షణ, 12 నెలలు సేవ. 1998లో ఇథియోపియాతో సరిహద్దు యుద్ధం మొదలయ్యాక ఆ 18 నెలలకు అంతు లేకుండా పోయింది. పద్దెనిమిదేళ్లకు శిబిరంలోకి వెళ్లినవాడు పెళ్లయి పిల్లలు పుట్టాక కూడా ఆ సేవలోనే ఉన్న ఉదాహరణలు కోకొల్లలు. పారిపోతే ద్రోహం, అనుమతి లేకుండా సరిహద్దు దాటితే నేరం. అలా దాటి, సుడాన్, లిబియా మీదుగా, మధ్యధరా సముద్రం మీద పడవల్లో ఐరోపా చేరినవాళ్లు వేలల్లో ఉన్నారు.

2014 నవంబరులో డెన్మార్క్ వలస శాఖ ఎరిత్రియాకు ఒక నిజనిర్ధారణ బృందాన్ని పంపి, నివేదిక అచ్చు వేసింది. పరిస్థితి కుదుటపడుతోందనీ, అక్రమంగా దేశం దాటినవాళ్లు కూడా తప్పు ఒప్పుకుంటూ పత్రం మీద సంతకం చేసి, విదేశంలో సంపాదించినదాని మీద 2 శాతం పన్ను కడితే తిరిగి వెళ్లొచ్చనీ దాని సారాంశం. మూలాల్లో చాలామటుకు పేర్లు లేవు, ఫలానా రాయబార కార్యాలయం, ఫలానా సంస్థ ప్రతినిధి అని ఉంది. పేరుతో కనిపించిన పండితుడు లండన్ సౌత్ బ్యాంక్ యూనివర్సిటీ ఆచార్యుడు గైమ్ కిబ్రియాబ్. స్వయానా ఎరిత్రియన్, జాతీయ సేవ మీద ఏళ్ల తరబడి పరిశోధన చేసినవాడు. తన మాటలను సందర్భం నుంచి తెంపి వాడుకున్నారని ఆయన బహిరంగంగా ప్రకటించి, ఆ నివేదికకు దూరం జరిగాడు. బృందంలో వెళ్లి వచ్చిన డేనిష్ అధికారుల్లోనే ఇద్దరు దాన్ని తప్పుబట్టారు. డిసెంబరు వచ్చేసరికి డెన్మార్క్ ప్రభుత్వమే వెనక్కి తగ్గి, చాలా కేసుల్లో ఎరిత్రియన్లకు శరణు ఇస్తామని చెప్పింది.

ఇంత జరిగాక, 2015 మార్చిలో, బ్రిటన్ హోం ఆఫీస్ ఎరిత్రియా మీద కొత్త మార్గదర్శకాలు తెచ్చింది. వాటికి ముఖ్యమైన దన్ను ఆ డేనిష్ నివేదికే. పుట్టిన దేశంలోనే చెల్లని కాగితం మరో దేశంలో చెల్లుబాటైంది. అంతవరకు ఎరిత్రియన్లలో ఎక్కువమందికి శరణు దొరికేది. తర్వాతి నెలల్లో తిరస్కరణలు ఒక్కసారిగా పెరిగాయి. తిరస్కరణకు గురై అప్పీలుకు వెళ్లినవాళ్లలో అత్యధికులు గెలిచారు. గెలిచారు గనుక న్యాయం జరిగిందని సరిపెట్టుకోలేను. అప్పీలు తేలేదాకా ఆ మనిషి పని చేసుకోవడానికి లేదు, పెళ్లాం బిడ్డలను పిలిపించుకోవడానికి లేదు. రేపు పొద్దున విమానం ఎక్కిస్తారేమోనన్న భయంతో నెలలు గడవాలి. 2016 అక్టోబరులో అప్పర్ ట్రిబ్యునల్ ఎంఎస్‌టీ కేసులో సుదీర్ఘమైన తీర్పు ఇచ్చి, అక్రమంగా దేశం దాటి, సేవ నుంచి తప్పించుకున్నవాళ్లుగా ప్రభుత్వం చూసే మనుషులకు ప్రమాదం ఉందని తేల్చింది. మార్చి 2015 నుంచి అక్టోబరు 2016 దాకా ఒక తప్పు కాగితం చలామణిలో ఉంది.

ఈ మధ్యలో సలహా సంఘం చేతులు కట్టుకుని కూర్చోలేదు. బయటి నిపుణుడి చేత ఎరిత్రియా పత్రాన్ని సమీక్ష చేయించింది. డేనిష్ నివేదిక మీద అంతగా ఆధారపడటాన్ని సమీక్షకుడు తప్పుబట్టాడు. హోం ఆఫీస్ జవాబిచ్చింది. ఆ రెండూ కలిసి అచ్చయ్యాయి.

ఆ అచ్చయిన పత్రాన్ని కాస్త దగ్గరగా చూడండి. అందులో వాదోపవాదాల ధోరణి ఉండదు, పట్టిక ఉంటుంది. నోట్‌లో ఫలానా పేరా అని ఒక గడి. దాని గురించి సమీక్షకుడు రాసినది పక్కన ఇంకో గడి: ఈ వాక్యానికి చూపిన మూలం ఐదేళ్ల నాటిది, తర్వాత ఫలానా నివేదిక వచ్చింది, దాన్ని చేర్చండి. లేదా, మూలంలో ‘కొన్ని ప్రాంతాల్లో’ అని ఉంటే ఇక్కడ ఆ మాట జారిపోయింది. ఆ పక్కన హోం ఆఫీస్ సమాధానం: అంగీకరించాం, పాక్షికంగా అంగీకరించాం, అంగీకరించలేదు. అంగీకరించకపోతే ఎందుకో కారణం. సంఘానికి ఉన్న ఆయుధమల్లా ఈ పట్టికే. శిక్ష వేయలేదు, ఆదేశించలేదు, నోట్‌ను రద్దు చేయలేదు. ప్రశ్నా జవాబూ ఒకే పేజీలో, అందరి కళ్లముందూ ఉండేలా చేయగలదు. అది ఉంటే ఊరికే ‘అంగీకరించలేదు’ అనడం కష్టమవుతుంది. రేపు ట్రిబ్యునల్‌లో న్యాయవాది ఆ గడిని చూపించి, నిపుణుడు చెప్పినా మీరెందుకు దిద్దలేదని అడుగుతాడని రాసేవాళ్లకు తెలుసు.

అందువల్ల అధ్యక్షుడిని వెతికేటప్పుడు నేను మొదట చూసేది ఆ మూడో గడిని నింపించగల మనిషా కాదా అన్నది. పేరుప్రతిష్ఠలు తర్వాతి మాట.

ఇది తేలిక కాదు. ఏ దేశం పత్రాన్ని ముందు చూడాలో, ఎవరి చేత సమీక్ష చేయించాలో నిర్ణయించడంలో అధ్యక్షుడిది పెద్ద పాత్ర. నోట్ రాసినవాళ్లు కూడా సంఘం సమావేశాల్లో ఎదురుగానే ఉంటారు. వాళ్లు చెడ్డవాళ్లు కారు, చాలామంది శ్రద్ధగా పనిచేసే ఉద్యోగులు. ఏళ్ల తరబడి ఎదురెదురుగా కూర్చుంటే స్నేహం కుదురుతుంది. అది అవసరం కూడా, ఎందుకంటే నమ్మకం లేకుండా ఎవరూ దిద్దుబాటు ఒప్పుకోరు. కానీ ఆ స్నేహం ముదిరితే మూడో గడి మెత్తబడుతుంది. ‘ఈసారికి వదిలేద్దాం’ అన్న మాట ఎక్కడా రాయకుండానే అమలవుతుంది. అధ్యక్షుడికి రెండూ చేతనవ్వాలి: మర్యాదగా మాట్లాడటం, వదలకపోవడం.

ఆ కుర్చీలో ఇంతకుముందు కూర్చున్నవాళ్లలో ఖాలిద్ కోసర్ అంతర్జాతీయ వలసల మీద విస్తృతంగా రాసిన పరిశోధకుడు. లారా హామండ్ లండన్‌లోని సోయాస్ విశ్వవిద్యాలయ ఆచార్యురాలు, మానవశాస్త్రవేత్త. సుడాన్ శిబిరాల నుంచి ఇథియోపియాకు తిరిగి వచ్చిన టిగ్రాయ్ ప్రజల మధ్య ఉండి ఆమె చేసిన అధ్యయనం 2004లో పుస్తకంగా వచ్చింది. అలాంటి క్షేత్రానుభవం ఉన్నవాళ్లు ఉండటం సంఘానికి బలం. శిబిరంలో ‘పరిస్థితి మెరుగుపడింది’ అనే వాక్యం ఎవరి నోట, ఎవరి ముందు, ఎందుకు వస్తుందో వాళ్లకు తెలుసు. అయితే ఒక దేశం బాగా తెలిసినవాళ్లకు ఆ దేశం విషయంలో స్నేహాలూ వైరాలూ ఉంటాయి. అందుకే అధ్యక్షుడికి ఏదో ఒక దేశం గురించి సమస్తమూ తెలిసి ఉండటం కన్నా, ఏ వాక్యానికైనా ఆధారాన్ని వెతికి పట్టుకునే అలవాటు ముఖ్యమని నా అభిప్రాయం. తనకు బాగా తెలిసిన దేశం పత్రం వచ్చినప్పుడు పక్కకు తప్పుకుని ఇంకొకరికి అప్పగించే నిగ్రహం కూడా ఉండాలి.

ఇంకో చిక్కు ఉంది. నోట్‌లో రెండు భాగాలు ఉంటాయి. ఒకటి సమాచారం, రెండోది ఆ సమాచారం మీద హోం ఆఫీస్ అంచనా, అంటే ఫలానా వర్గానికి సాధారణంగా ప్రమాదం ఉందనో లేదనో చెప్పే విధానం. సలహా సంఘం మొదటిదాన్నే చూడాలి, రెండోదాని జోలికి పోకూడదు. పైకి సబబుగానే ఉంటుంది. కానీ సమాచారంలో ఏది ఎంచుకున్నారు, ఏది వదిలేశారు అన్నదాంట్లోనే విధానం సగం దాగి ఉంటుంది. ఉదాహరణకు, ఫలానా దేశంలో గృహహింస చట్టం ఉందని ఒక పేరా, ఆ చట్టాన్ని అమలుచేసే యంత్రాంగం ఎన్ని జిల్లాల్లో ఉందో చెప్పే పేరా లేదు. రాసిన పేరాలో అబద్ధం ఒక్కటీ లేదు. అయినా ఆ పేజీ చదివిన అధికారి తప్పుదారి పడతాడు. ఇక్కడ అధ్యక్షుడు తన హద్దు దాటకుండానే, ఇది సమాచారంలో లోపం, చేర్చండి అని నిలదీయాలి. హద్దు గురించి అతిగా భయపడేవాడు ఈ పదవికి పనికిరాడు. హద్దును లెక్కచేయనివాడు పదవిలో ఎక్కువకాలం ఉండలేడు.

మన దేశం సంగతి తీసుకుంటే ఇది ఇంకా స్పష్టంగా అర్థమవుతుంది. ఇండియా నుంచి వచ్చిన దరఖాస్తులకు తరచు ఎదురయ్యే జవాబు: మీ ఊళ్లో ప్రమాదం ఉంటే ఉండొచ్చు, దేశం పెద్దది, వేరే ఊరికి వెళ్లి బతకొచ్చు. ఆ తరలింపు మితిమీరిన కష్టం కాకూడదని బ్రిటన్ అత్యున్నత న్యాయస్థానం 2006లో జనూజీ కేసులో చెప్పింది. కష్టమా కాదా అన్నది మళ్లీ నోట్‌లోని సమాచారం మీదే ఆధారపడుతుంది. పల్నాడులోనో పాలమూరులోనో కులాంతర వివాహం చేసుకుని, ఇంటివాళ్ల బెదిరింపులకు పారిపోయిన ఒక అమ్మాయిని ఊహించుకోండి. తెలుగు తప్ప మరో భాష రాదు. లక్నో వెళ్లి బతకమంటారు. ఒంటరి ఆడదానికి ఇల్లు అద్దెకు ఇచ్చేవాళ్లు ఎవరు? ఇంటి యజమాని ముందు అడిగేది కులమేనని మనకు తెలుసు. రేషన్ కార్డు మార్చుకోవాలన్నా, ఆధార్‌లో చిరునామా మార్చుకోవాలన్నా కాగితం కావాలి, ఆ కాగితం పట్టుకుని వెతికేవాళ్లు వస్తారేమోనని భయం. ఇవేవీ గొప్ప రహస్యాలు కావు, మన పత్రికల్లో రోజూ వచ్చేవే. కానీ నోట్ రాసేవాళ్లు ఇంగ్లిష్ మూలాల్లో వెతుకుతారు. జిల్లా ఎడిషన్‌లో తెలుగులో వచ్చిన వార్త వాళ్ల కంటికి ఆనదు. సమీక్షకుణ్ణి ఎంచుకునేటప్పుడు ఆ దేశపు భాషలు చదవగలవాళ్లను పట్టుకోవడం అధ్యక్షుడి పని. నియామక ప్రకటనలో నేనైతే ఈ మాట విడిగా రాయిస్తాను.

ఇండియా బ్రిటన్ చట్టంలో ‘సురక్షిత దేశాల’ జాబితాలో 2005 నుంచీ ఉంది. ఆ జాబితాలో ఉన్న దేశస్థుల దరఖాస్తును నిరాధారమని ముద్ర వేసి, స్వదేశానికి పంపేముందు అప్పీలు అవకాశం లేకుండా చేయడం తేలికవుతుంది. ఇలాంటి జాబితాలో జమైకాను ఉంచడం చెల్లదని, అక్కడ స్వలింగ సంపర్కులకు ఉన్న ప్రమాదం దృష్ట్యా, బ్రిటన్ సుప్రీం కోర్టు 2015లో చెప్పింది. ఇంకా వెనక్కి వెళితే 1996లో చాహల్ కేసు ఉంది. ఒక సిక్కు ఉద్యమకారుణ్ణి ఇండియాకు పంపబోతే, పంజాబ్ పోలీసుల తీరు గురించిన నివేదికలను పరిశీలించిన ఐరోపా మానవ హక్కుల న్యాయస్థానం 12-7 మెజారిటీతో అడ్డుకుంది. ఇండియా ప్రభుత్వం ఇచ్చిన హామీ కన్నా ఆ నివేదికలకే ఎక్కువ విలువ దక్కింది. దేశం గురించిన కాగితం ఒక మనిషిని కాపాడిన సందర్భం అది.

ఇక అసలు గడ్డు ప్రశ్న: ఆ అధ్యక్షుణ్ణి ఎవరు నియమించాలి? ఇప్పటి ఏర్పాటులో ప్రధాన తనిఖీ అధికారి. ఆ అధికారిని నియమించేది హోం మంత్రి. తనిఖీ అధికారి నివేదికలు వెళ్లేదీ హోం మంత్రికే. ఎప్పుడు బయటపెట్టాలో 2014 నుంచి నిర్ణయించేదీ హోం మంత్రే. 2024 ఫిబ్రవరి 20న అప్పటి తనిఖీ అధికారి డేవిడ్ నీల్‌ను పదవి నుంచి తీసేశారు. ఆయన పదవీకాలం ఎలాగూ మార్చిలో ముగుస్తుంది. ఆ తర్వాత కొద్ది రోజులకే, ఫిబ్రవరి 29న, పేరుకుపోయిన 13 నివేదికలు ఒక్కరోజే బయటికి వచ్చాయి. కుర్చీ మాత్రం కొన్ని నెలలు ఖాళీగా ఉంది. పై కుర్చీ ఖాళీ అయితే కింద సలహా సంఘానికి నివేదిక ఇచ్చే చోటే లేకుండా పోతుంది. సరిగ్గా ఆ నెలల్లోనే బ్రిటన్ పార్లమెంటు ఇంకో పని చేసింది. శరణు కోరి వచ్చినవాళ్లను రువాండాకు పంపాలని ప్రభుత్వం పెట్టుకున్న పథకాన్ని విచారిస్తూ, రువాండా సురక్షితం కాదని, అక్కడి నుంచి శరణార్థులను మళ్లీ ప్రమాదంలోకి పంపే ముప్పు ఉందని సుప్రీం కోర్టు 2023 నవంబరు 15న ఏకగ్రీవంగా తేల్చింది. 2024 ఏప్రిల్‌లో వచ్చిన చట్టం రువాండాను సురక్షిత దేశంగా చూడాలని అధికారులనూ కోర్టులనూ ఆదేశించింది. ఒక దేశంలో పరిస్థితి ఏమిటన్నది సాక్ష్యం తేల్చాల్సిన విషయం. దాన్ని ఓటుతో తేల్చారు. ఆ ఏడాది జులైలో ప్రభుత్వం మారి ఆ పథకాన్ని వదిలేసింది గానీ, దారి ఒకసారి పడింది.

ఇలాంటి వాతావరణంలో నియామకం తనిఖీ అధికారి ఒక్కరి చేతిలో ఉండటం చాలదని నా అభిప్రాయం. ఎంపిక సంఘంలో శరణార్థుల కేసులు విన్న విశ్రాంత న్యాయమూర్తి ఒకరు, పరిశోధకుల నుంచి ఒకరు, శరణు పొంది స్థిరపడ్డవాళ్లలో ఒకరు ఉండాలి. హోం ఆఫీస్ నుంచి ఎవరూ ఉండకూడదు. పదవీకాలం నిర్ణీతంగా ఉండాలి, మధ్యలో తీసేయడానికి రాతపూర్వకమైన కారణం కావాలి. అన్నిటికన్నా ముందు, పాత అధ్యక్షుడు దిగేలోపే కొత్త మనిషి ఎంపిక పూర్తి కావాలి. ఖాళీ కుర్చీని మించిన నష్టం మరోటి లేదు.

నివేదిక ప్రచురణ ఎవరి చేతిలో ఉండాలన్న ప్రశ్న మనకు కొత్తది కాదు. ఎమర్జెన్సీలో గిరాయిపల్లి అడవిలో విద్యార్థులను ఎన్‌కౌంటర్ పేరుతో చంపిన ఘటన మీద 1977లో బొంబాయి హైకోర్టు మాజీ న్యాయమూర్తి వి. ఎం. తార్కుండే అధ్యక్షతన పౌరుల కమిటీ విచారణ జరిపింది. పౌరహక్కుల న్యాయవాది కన్నబిరాన్ గారు అందులో కీలకంగా పనిచేశారు. ఆ కమిటీని వేసింది ప్రభుత్వం కాదు, అధికారం కూడా లేదు. ఊళ్లకు వెళ్లి మనుషులను అడిగి రాసింది, రాసింది అచ్చు వేసింది. ఆ ఒత్తిడితో వేసిన భార్గవ కమిషన్‌కు అధికారాలన్నీ ఉన్నాయి. కానీ విచారణ తలుపులు మూసి జరగాలని ప్రభుత్వం పట్టుబట్టాక పౌరహక్కుల పక్షం అందులోంచి తప్పుకుంది. అధికారం లేని తార్కుండే కమిటీ మాట ఇవాళ్టికీ నిలిచి ఉంది. ఆ తర్వాత పౌరహక్కుల కార్యకర్త బాలగోపాల్ గారు నిజనిర్ధారణ అంటే ఎలా ఉండాలో మన ప్రాంతంలో ఒక తరానికి నేర్పారు. పోలీసులు చేసిన హింస గురించి ఎంత జాగ్రత్తగా వాకబు చేసేవారో, ఎదుటి పక్షం చేసిన హింస గురించీ అంతే జాగ్రత్తగా చేసేవారు. లండన్‌లో వెతుకుతున్న అధ్యక్షుడికి ఉండాల్సిన గుణం ఇదేనని నేననుకుంటాను. శరణార్థుల పక్షాన మొగ్గి ప్రమాదాన్ని పెంచి చూపే మూలాన్ని కూడా అతను అంతే కచ్చితంగా ప్రశ్నించాలి. అలా చేస్తేనే ప్రభుత్వాన్ని ప్రశ్నించినప్పుడు ఆ మాటకు విలువ.

మన దగ్గర ఈ కాగితమే లేదన్నది కూడా చెప్పాలి. 1951 ఒప్పందం మీద ఇండియా సంతకం చేయలేదు. శరణార్థులకంటూ చట్టం లేదు. హైదరాబాద్ బాలాపూర్ చుట్టుపక్కల రేకుల గుడిసెల్లో ఉంటున్న రోహింగ్యా కుటుంబాల చేతిలో ఐక్యరాజ్యసమితి శరణార్థి సంస్థ ఇచ్చిన కార్డు తప్ప ఇంకే ఆధారమూ లేదు. రోహింగ్యాలను మయన్మార్‌కు పంపకూడదన్న పిటిషన్ మీద 2021 ఏప్రిల్ 8న మన సుప్రీం కోర్టు మధ్యంతర ఉత్తర్వు ఇస్తూ, ఇంకో దేశంలో జరుగుతున్నదాని గురించి తాము వ్యాఖ్యానించలేమంది. బ్రిటన్‌లో ఆ వ్యాఖ్యానం చేయడానికి ఒక పత్రం ఉంది, పత్రాన్ని చూడటానికి ఒక సంఘం ఉంది. లోపాలు ఎన్నున్నా దాన్ని నేను తక్కువ చేయను. మనం నిర్మించుకోవాల్సినదాన్ని వాళ్లు కాపాడుకోవాల్సి ఉంది.

చివరగా ఎంపిక గది గురించి. ఇలాంటి పదవులకు అభ్యర్థులను నాయకత్వ లక్షణాల గురించి, సమన్వయ సామర్థ్యం గురించి అడుగుతారు. అందరూ చక్కగా జవాబు చెబుతారు. వాటికి ముందు అభ్యర్థికి ఒక పాత నోట్‌లోంచి రెండు పేజీలు ఇచ్చి, ఒక పూట గడువివ్వండి. 2015 నాటి ఎరిత్రియా పత్రమైతే మరీ మంచిది. అడుగున ఇచ్చిన మూలాలు ఒక్కొక్కటీ తెరిచి చూడమనండి. ఏ వాక్యం మూలాన్ని దాటి పోయిందో, ఏ మూలం ఇంకో మూలాన్నే తిప్పి చెబుతోందో, పేరు లేని సాక్షి చెప్పిన మాట ఎన్ని చోట్ల ఎన్ని రూపాల్లో తిరిగి వచ్చిందో రాసి తెమ్మనండి. ఆ కాగితంతో లోపలికి పిలిచి ఒక్క ప్రశ్న అడగండి: మీరు చూపిన తప్పుకు ఎదురుగా హోం ఆఫీస్ ‘అంగీకరించలేదు’ అని రాసి, కారణం గడిని ఖాళీగా వదిలేస్తే ఏం చేస్తారు? తనిఖీ అధికారికి చెబుతానని కొందరంటారు, వచ్చే సమావేశంలో ప్రస్తావిస్తానని కొందరంటారు. ఆ గడి నిండేదాకా ఆ దేశం మీద సమీక్ష ముగిసిందని సంతకం చేయను, ఖాళీ గడిని ఖాళీగానే అచ్చు వేయిస్తానని ఎవరైనా అంటే, మిగతా అభ్యర్థులను ఇళ్లకు పంపేయొచ్చు.